సాఫ్ట్‌వేర్ లివర్లు సరే.. వంటింటి లివర్ల లెక్క ఎవరు తీస్తారు?

హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగులకు పరీక్షలు చేస్తే నూటికి 84 మంది లివర్‌లో కొవ్వు ఉందని తేలిన వార్త మీకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు కలిసి 345 మందిని పరీక్షించారు. ఆ వ్యాసం 2025లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్' పత్రికలో వచ్చింది. కేంద్ర ఆరోగ్యమంత్రి నడ్డా గారు లోక్‌సభలో కూడా ఆ అంకె చెప్పారు. ఇక చూడండి, మా డల్లాస్ వైపు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ఫార్వర్డులు. హైదరాబాద్‌లో కూర్చుని చేసే పనే మనవాళ్లు ఇక్కడా కూర్చుని చేస్తున్నారు కాబట్టి భయం సహజమే. ఇల్లాళ్లమంతా మొగుళ్లకి ఆ లింకు పంపించాం. నేనూ పంపాను. "కుర్చీలోంచి కాస్త లేవండి" అని కింద ఒక లైన్ కూడా రాశాను.

ఆ తర్వాత రెండు నెలలకి కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తోందని వెళితే, గాల్‌బ్లాడర్‌లో రాళ్లేమోనని అల్ట్రాసౌండ్ తీశారు. రాళ్లు లేవు. రిపోర్టు చివర్లో మాత్రం లివర్‌లో కొవ్వు పేరుకుందని ఒక వాక్యం ఉంది. మావారికి కాదు, నాకు. వయసు 38, బరువు 150 పౌండ్లు, ఎత్తు ఐదు అడుగుల రెండు అంగుళాలు. మందు వాసన కూడా పడని మనిషిని. ఊళ్లో ఉన్న మా అమ్మకి ఫోన్లో చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "అల్లుడుగారితో పాటు నువ్వు కూడా పార్టీల్లో ఏమైనా..." అని ఆపేసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అమ్మని తప్పుపట్టను. లివర్ జబ్బు అంటే తాగుడు అన్నది మన బుర్రల్లో అంత గట్టిగా నాటుకుపోయింది. డాక్టర్లకే ఆ ముద్రతో ఇబ్బంది వచ్చి, 2023 జూన్‌లో అమెరికా, యూరప్, లాటిన్ అమెరికా లివర్ సంఘాలన్నీ కలిసి జబ్బు పేరే మార్చేశాయి. అంతకుముందు 'నాన్ ఆల్కహాలిక్ ఫ్యాటీ లివర్' అనేవాళ్లు. అంటే ఏది కాదో చెప్పే పేరు. పైగా 'ఆల్కహాలిక్', 'ఫ్యాటీ' అనే రెండు మాటలూ రోగిని చిన్నబుచ్చేవే. ఇప్పుడు వాడే పొట్టి పేరు మాసల్డ్. లివర్‌లో కొవ్వు ఉండి, దానితో పాటు నడుం కొలత, షుగర్, బీపీ, ట్రైగ్లిజరైడ్స్, మంచి కొలెస్ట్రాల్ వీటిలో ఒక్కటి దారి తప్పినా, వేరే కారణం కనిపించకపోతే, ఆ పేరు పెడతారు. ఇందులో మన పని పట్టే మాట ఒకటుంది. బరువు లెక్కకి అందరికీ బీఎంఐ 25 హద్దు అయితే, ఆసియా వాళ్లకి 23. నాది 27. ఇక్కడి చార్టులో 'కొంచెం ఎక్కువ' అనిపించే నేను, మన లెక్కలో హద్దు దాటి చాలా దూరమే వచ్చేశాను.

ఈ తేడా ఊరికే పెట్టింది కాదు. అమెరికాలో ఉంటున్న దక్షిణాసియా వాళ్ల మీద మసాలా అనే అధ్యయనం 2010 నుంచి షికాగో, శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతాల్లో నడుస్తోంది (పేరు నిజంగా అదే, నేను కల్పించింది కాదు). ఒకే బరువున్న మిగతా జాతుల వాళ్లతో పోలిస్తే మనకి కండ తక్కువ, పొట్టలోపలా లివర్‌లోనూ కొవ్వు ఎక్కువ అని అందులో కనిపించింది. మా డల్లాస్‌లోనే జరిగిన డల్లాస్ హార్ట్ స్టడీ 2004లో, ఇక్కడి జనంలో మూడోవంతు మందికి లివర్‌లో కొవ్వు ఉందని చెప్పి అందరినీ ఉలిక్కిపడేలా చేసింది. అందులో హిస్పానిక్‌ల లెక్క ఉంది, తెల్లవాళ్ల లెక్క ఉంది, నల్లవాళ్ల లెక్క ఉంది. మన లెక్క లేదు. అప్పటికి ఇక్కడ మనం ఇంతమందిమి లేము కూడా.

ఇప్పుడు నా అసలు బాధకి వస్తాను. హైదరాబాద్ సర్వే ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల మీద జరిగింది. చెయ్యాల్సిందే, తప్పులేదు. కానీ ఆ వార్త మన ఇళ్లలోకి 'కూర్చుని పనిచేసే మగవాళ్ల జబ్బు'గా వచ్చింది. మావారి కంపెనీలో ఏటా హాల్లో బల్లలు వేసి బీపీ చూస్తారు, వేలు గుచ్చి షుగర్, కొలెస్ట్రాల్ చూస్తారు, పైగా గిఫ్ట్ కార్డు ఇస్తారు. నాకు ఏ హాలూ లేదు. హెచ్4 మీద వచ్చి పన్నెండేళ్లు. ఇద్దరు పిల్లలు. ఇన్సూరెన్స్ కార్డు మీద నా పేరూ ఉంది, కానీ పురుళ్ల తర్వాత నేను డాక్టర్ దగ్గరికి వెళ్లిందల్లా పిల్లల టీకాలకే. మా కాలనీలో నా ఈడు ఆడవాళ్లలో చాలామందిది ఇదే కథ.

ఇలా ఉండిపోయే ఆడవాళ్లలో ఎవరికి ముప్పు ఎక్కువో సైన్సుకి తెలియని సంగతి కాదు. పీసీఓఎస్ ఉన్నవాళ్లకి, కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్లకి తర్వాతి కాలంలో ఫ్యాటీ లివర్ వచ్చే అవకాశం ఎక్కువ. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజన్ రక్షణ తగ్గి ఇంకా పెరుగుతుంది. నాకు రెండో కాన్పులో షుగర్ వచ్చింది. డెలివరీ తర్వాత 'పోయింది' అన్నారు, నేనూ మర్చిపోయాను. నిజానికి అది వెళుతూ వెళుతూ చిరునామా రాసిచ్చి వెళ్లింది. ఇప్పుడు నా ఏ1సీ 5.8. ప్రీడయాబెటిస్ 5.7 దగ్గరే మొదలవుతుంది.

ఇంకో విచిత్రం. ఇండియా ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో ఫ్యాటీ లివర్‌ని తన జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో చేర్చింది. ముప్పై దాటినవాళ్ల కోసం ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో నడుం కొలత ఒక ప్రశ్న. ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటితే మార్కు పడుతుంది. తెనాలి దగ్గర ఊళ్లో మా అమ్మ నడుం టేపుతో కొలిచారట. ఇంత పెద్ద దేశంలో, ఇంత ఇన్సూరెన్స్ కడుతూ, నా నడుం ఎవరూ కొలవలేదు. నేనే కుట్టుమిషన్ డబ్బాలోంచి టేపు తీసి కొలుచుకున్నాను. 36 అంగుళాలు.

రిపోర్టు వచ్చిన రాత్రి పాత రక్తపరీక్షలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. బీఎస్సీలో బయోకెమిస్ట్రీ చదివిన దాన్ని, ఎప్పటికైనా పనికొస్తుందని మా నాన్న అనేవారు. ఏఎల్‌టీ అనే లివర్ ఎంజైమ్ 52 ఉంది. ల్యాబ్ వాళ్ల హద్దు 55 కాబట్టి ఎర్ర అక్షరం పడలేదు. 'నార్మల్' అని మెసేజ్ వచ్చింది, నేను చదివి మూసేశాను. అమెరికా గ్యాస్ట్రో డాక్టర్ల సంఘం మాత్రం ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లకి ఇది 19 నుంచి 25 లోపు ఉండాలని 2017లోనే చెప్పింది. ల్యాబ్ హద్దుకీ ఈ హద్దుకీ మధ్య ఉన్న ఖాళీలో నేను మూడేళ్లు హాయిగా కూర్చున్నానన్నమాట. మీ రిపోర్టుల్లో ఈ ఒక్క గడి మళ్లీ చూసుకోండి.

మరుసటి వారం డాక్టర్ దగ్గరికి వెళ్లి ఫైబ్రోస్కాన్ రాయమన్నాను. అక్కర్లేదు అన్నారు. నాకు కోపం వచ్చింది. మా అక్కకి హైదరాబాద్‌లో హెల్త్ చెకప్ ప్యాకేజీలో అడక్కుండానే చేశారు, ఇక్కడ అడిగినా చెయ్యరా అని. తర్వాత ఆవిడ కాగితం మీద ఒక లెక్క వేసి చూపించారు. పేరు ఫిబ్-4. వయసుని ఏఎస్‌టీతో గుణించాలి. ప్లేట్‌లెట్లని (లక్షల్లో కాకుండా వేలల్లో రాయాలి) ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. నాకు ఏఎస్‌టీ 34, ప్లేట్‌లెట్లు 240 వేలు. జవాబు 0.75. 1.3 లోపు ఉంటే లివర్ గట్టిపడి ప్రమాదంలో పడ్డ అవకాశం చాలా తక్కువ. 2.67 దాటితే లివర్ స్పెషలిస్ట్ దగ్గరికి పరుగెత్తాలి. మధ్యలో ఉంటే అప్పుడు ఫైబ్రోస్కాన్. అరవై ఐదు దాటినవాళ్లకి కింది హద్దు 2గా చూస్తారు, ముప్పై ఐదు లోపు వాళ్లకి ఈ లెక్క అంత నమ్మకం కాదు. అన్నీ మామూలు రక్తపరీక్షలో ఉండే అంకెలే. ఖర్చు సున్నా. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ అయితే షుగర్, ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్లందరికీ ఈ లెక్క వేసి చూడమంటోంది. మూడేళ్లుగా నా అంకెలన్నీ కంప్యూటర్‌లో పడి ఉన్నా, ఎవరూ వెయ్యలేదు.

అక్క సంగతి ఎత్తాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. తన రిపోర్టులో 'గ్రేడ్ 2' అని ఉంటే క్యాన్సర్ రెండో స్టేజీ విన్నట్టు ఇల్లంతా ఏడ్చారు. అల్ట్రాసౌండ్‌లో రాసే గ్రేడ్ కొవ్వు ఎంతుందో చెబుతుంది, అంతే. లివర్‌లో మచ్చలు కట్టి గట్టిపడటం, అంటే ఫైబ్రోసిస్, వేరే సంగతి. దానికి ఎఫ్0 నుంచి ఎఫ్4 దాకా వేరే మెట్లు ఉన్నాయి, ఎఫ్4 అంటే సిరోసిస్. ఫైబ్రోస్కాన్ కాగితం మీద కూడా రెండు అంకెలుంటాయి. మూడొందలు, రెండొందల యాభై ఇలా పెద్దగా కనిపించేది కొవ్వు కొలత. ఐదు, ఏడు అని చిన్నగా కనిపించేది గట్టిదనం. మనవాళ్లు పెద్ద అంకె చూసి బెంబేలెత్తుతారు. అసలు చూడాల్సింది చిన్నదాన్ని. అది 8 లోపు ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. అక్కది 5.

ఇక మందుల వార్తలు. 2024 మార్చిలో రెజ్‌డిఫ్రా అనే మాత్రకి ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఈ జబ్బుకంటూ వచ్చిన మొదటి మందు అదే. విడుదలైనప్పుడు ఏడాదికి 47,400 డాలర్లు ధర పెట్టారు. 2025 ఆగస్టులో వెగోవీ ఇంజెక్షన్‌కి కూడా ఈ జబ్బు కోసం అనుమతి వచ్చింది. గ్రూపుల్లో 'లివర్‌కి మందు వచ్చేసింది' అని పండగ చేసుకున్నారు. నిజంగా మంచి వార్తే. కానీ రెండు మందులూ ఎఫ్2, ఎఫ్3 దశల్లో ఉన్నవాళ్లకి. నాలాగా కొవ్వు మాత్రమే ఉన్నవాళ్లకి లివర్ పేరు చెప్పి ఇన్సూరెన్స్ వాళ్లు ఇవ్వరు. బరువు తగ్గడానికని అడిగితే, మావారి ప్లాన్‌లో అది లేదు. వెగోవీ పరీక్షల అంకెలు చదివితే నాకు ఇంకో విషయం కూడా కనిపించింది. 72 వారాల తర్వాత మందు తీసుకున్నవాళ్లలో దాదాపు 63 శాతం మందికి లివర్ వాపు తగ్గింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో కూడా 34 శాతం మందికి తగ్గింది. వాళ్లకి అందింది తిండి, నడక గురించిన సలహాలే. మందు గొప్పదనం తీసెయ్యడానికి చెప్పడం లేదు. మందు లేనివాళ్లు చేతులు ముడుచుకోనక్కర్లేదు అని నాకు నేను చెప్పుకున్న లెక్క అది.

బరువు గురించి లెక్క స్పష్టంగానే ఉంది. ఉన్న బరువులో 5 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గుతుంది, 7 శాతానికి వాపు తగ్గే అవకాశం బాగా పెరుగుతుంది, 10 శాతానికి మచ్చలు కూడా వెనక్కి వెళ్లే అవకాశం ఉంది. నాకు 5 శాతం అంటే ఏడున్నర పౌండ్లు, 10 శాతం అంటే పదిహేను. పెళ్లి నాటి నడుం రానక్కర్లేదు. నెలలో పది పౌండ్లు ఊడగొట్టే పిచ్చి ఉపవాసాలూ వద్దు, వాటితో గాల్‌బ్లాడర్‌లో నిజంగానే రాళ్లు వస్తాయి.

తిండి దగ్గరే మనం పెద్ద పొరపాటు పడుతున్నాం. లివర్‌లో కొవ్వు అనగానే నెయ్యి, నూనె, కొబ్బరి మీద పడతాం. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో, రోగుల లివర్‌లో ఉన్న కొవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తువేసి వెతికారు. తిన్న కొవ్వు నుంచి నేరుగా వచ్చింది 15 శాతమే. దాదాపు 60 శాతం ఒంట్లో నిలవున్న కొవ్వు కరిగి రక్తంలో తిరుగుతూ చేరింది. 26 శాతం లివర్ తానే తయారుచేసుకుంది, ఎక్కువైన పిండిపదార్థం, చక్కెరతో. రోగులు తక్కువమందే అయినా దిశ తెలుస్తుంది కదా. నెయ్యి మానేసి ఆ వెలితి తీరక అన్నం రెండోసారి పెట్టుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. నేను అదే చేశాను, మొదటి మూడు వారాలు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం అటుకులు, రాత్రి చపాతీ. 'నూనె లేదు' అని గర్వం. అన్నీ పిండే. చిరుధాన్యాలు కూడా పిండే, కాస్త మెల్లగా అరుగుతాయి అంతే. కొర్రల అన్నం అని పళ్లెం నిండా పెట్టుకుంటే లివర్ మోసపోదు.

ఇప్పుడు మా ఇంట్లో రైస్ కుక్కర్‌లో మూడు కప్పులకి బదులు ఒకటిన్నర. పప్పు, కూర రెట్టింపు. పొద్దున పెసరట్టు, గుడ్లు. జ్యూస్ కొనడం మానేశాం, పండు పండులాగే. చక్కెర లేని కాఫీ లివర్‌కి మేలు చేస్తున్నట్టు చాలా అధ్యయనాల్లో కనిపించింది కాబట్టి అది ఉంది, రెండు చెంచాల పంచదార మాత్రం పోయింది. అన్నిటికన్నా కష్టమైంది ఇంకోటి. పిల్లలు పళ్లెంలో వదిలేసిన మ్యాక్ అండ్ చీజ్, పిజ్జా అంచులు, 'పారేస్తే పాపం' అని నోట్లో వేసుకోవడం. వారం రోజులు రాసి చూశాను. ఒక పూట భోజనం అంత అవుతోంది. ఏ డైటీషియన్ ఫారంలోనూ ఈ గడి ఉండదు.

మూడేళ్ల క్రితం మావారికి కొలెస్ట్రాల్ ఎక్కువ అన్నప్పుడు వారం తిరక్కుండా మా వంటిల్లు మారిపోయింది. మార్చింది నేను. ఈసారి రోగిని నేను. మావారు మంచివారే, కంగారుపడ్డారు, పక్కనే కూర్చుని రిపోర్టంతా చదివారు. చివరికి అన్నది, "నువ్వు కాస్త తగ్గించుకుని తిను." అంతే. అత్తయ్యగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, ఆవిడకి మూడు పూటలా అన్నం పడాలి. పిల్లలకి వేరే వంట. నాకోసం విడిగా నాలుగో వంట చేసుకోవాలి. రెండు నెలలు చేశాను. రాత్రి తొమ్మిదిన్నరకి అందరి గిన్నెలూ కడిగాక నా సలాడ్ కోసుకునే ఓపిక లేక, కుక్కర్ అడుగున మిగిలిన అన్నంలో పెరుగు కలుపుకుని తిన్న రోజులే ఎక్కువ. ఇంటి మగవాడికి జబ్బు చేస్తే ఇంటికి పథ్యం. ఇల్లాలికి చేస్తే ఆవిడ ఒక్కదానికే పథ్యం. ఒకరోజు ఫిబ్-4 కాగితం ఫ్రిజ్ మీద అంటించి, "ఇకనుంచి ఇంట్లో ఒకటే వంటండీ, నా వంటే" అన్నాను. గొడవ జరిగింది. అత్తయ్యగారు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆవిడే పెసలు నానబోశారు. మావారు రాత్రి ఏడున్నరకి గిన్నెలు తీసుకుంటారు, నేను నలభై నిమిషాలు నడిచి వస్తాను. వారానికి 150 నిమిషాలు నడవాలి, బరువు తగ్గకపోయినా నడకతో లివర్‌లో కొవ్వు తగ్గుతుంది. ఐదు నెలలైంది. 142 పౌండ్లు, ఏఎల్‌టీ 36. ఇంకా దారి ఉంది.

ఇండియా నుంచి 'లివర్ శుద్ధి' పొడులు, పసుపు గుళికలు తెప్పించుకునేవాళ్లకి ఒక్క మాట. కూరలో వేసే పసుపుతో భయం లేదు. మిరియాల సారం కలిపి ఒంటికి బాగా పట్టేలా చేసిన పసుపు క్యాప్సూల్స్‌తో లివర్ దెబ్బతిన్న కేసులు అమెరికాలో లివర్ నిపుణుల నెట్‌వర్క్ నమోదు చేసింది. గ్రీన్ టీ సారం, అశ్వగంధ గుళికలతోనూ ఉన్నాయి. అలాగే కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ వాడుతున్నవాళ్లు ఫ్యాటీ లివర్ అనగానే భయపడి మానెయ్యకండి. ఈ జబ్బున్నవాళ్లని ఎక్కువగా తీసుకుపోయేది లివర్ కంటే ముందు గుండె. ఆ మాత్ర కాపాడేది దాన్నే.

పోయిన నెల గుళ్లో ప్రసాదం వండటానికి ఏడుగురం చేరాం. మాటల్లో నా సంగతి బయటికొచ్చింది. ఫోన్లలో పాత రిపోర్టులు తీశారు, చేతికి పిండి ఉండగానే ఫిబ్-4 లెక్కలు వేశాం. ఐదుగురికి 1.3 లోపే. ఒకావిడ దగ్గర రిపోర్టే లేదు, ఆరేళ్లుగా రక్తపరీక్ష చేయించుకోలేదట. ఏడో ఆవిడకి 52 ఏళ్లు. మేమంతా వదినా అని పిలుస్తాం, ఎవరింట్లో పురుడైనా పథ్యం వండి పంపే మనిషి. ఏఎస్‌టీ 38, ఏఎల్‌టీ 33, ప్లేట్‌లెట్లు 175 వేలు. రిపోర్టులో ఒక్క ఎర్ర అక్షరం లేదు. లెక్క 1.97 వచ్చింది. మళ్లీ వేశాం, అదే వచ్చింది. ఆవిడ ఫోన్ బ్యాగులో పెట్టుకుని, పులిహోరకి చింతపండు పులుసు సరిపోతుందా అని అడిగారు. వచ్చే మంగళవారం ఫైబ్రోస్కాన్. బండి నేను నడుపుతున్నాను.